బడి రిజిస్టర్‌లో మన ఊళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గురించి మాట్లాడమన్నారు. పాత ముచ్చట్లు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను బడి రిజిస్టర్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా తరగతి హాజరు పట్టీ పిలిస్తే మండలం అంతా పలికేది. గాలిపల్లి, పొత్తూరు, వల్లంపట్ల, పెద్దలింగాపూర్, కందికట్కూర్, రేపాక, తిప్పాపూర్, అనంతగిరి. కొందరు సైకిల్ మీద, ఎక్కువమంది నడిచి వచ్చేవాళ్లు. సద్ది గిన్నెలు విప్పితే ఎవరింట్లో ఏం పండిందో తెలిసిపోయేది. మగ్గం నడిపే ఇంటి పిల్లవాడు, గీత కార్మికుడి కొడుకు, పటేలు గారి మనవడు, కైకిలి పోయే అమ్మ బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఊళ్లో ఎవరి వాడ వాళ్లదే. అన్ని వాడలూ కలిసి కూర్చున్న చోటు మాకు ముందుగా ఈ బడే.

తర్వాత మన చిరునామాలు ఎన్నిసార్లు మారాయో చూడండి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న దసరా నాడు కరీంనగర్ జిల్లా నుంచి విడిపోయి రాజన్న సిరిసిల్ల జిల్లా అయ్యాం. అనంతగిరి మిత్రుల సంగతి వేరే చెప్పాలి. వాళ్ల పాత ఊరు ఇప్పుడు మూడున్నర టీఎంసీల అన్నపూర్ణ జలాశయం కింద ఉంది. ఇల్లు లేదు, వాకిలి లేదు, ఆడుకున్న రచ్చబండ లేదు. కానీ మన బడి ప్రవేశ రిజిస్టర్‌లో వాళ్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పక్కనే అనంతగిరి అన్న మాట సిరాతో రాసి ఉన్నాయి.

ఆ పుస్తకం జ్ఞాపకానికే కాదు, బతుకుదెరువుకు కూడా కావాలి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం సర్కారు కొలువులో స్థానికత 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివామన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆరు, ఏడు తరగతుల బోనఫైడ్ కోసం మన పిల్లలు ఈ గడపకే రావాలి. పేజీ చినిగితే, చెద పడితే ఒక మనిషి తాను ఏ జిల్లా వాడో రుజువు చేసుకోలేడు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో, వారి సమక్షంలో పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించి, పుస్తకాలకు గట్టి అట్టలు వేయించి ఇనుప బీరువాలో పెట్టించే పని మన సంఘం తీసుకోవాలని నా మొదటి విన్నపం.

రెండో విన్నపం ఇప్పటి రిజిస్టర్ గురించి. పొద్దుగాల బస్టాండ్ దగ్గర నిలబడితే ప్రైవేటు బడుల పసుపు బస్సులు కనిపిస్తాయి. వాటిలో మన పిల్లలే, అంటే పూర్వ విద్యార్థుల పిల్లలే ఉన్నారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. బిడ్డ బాగుండాలని ఎవరి తాపత్రయం వాళ్లది. కానీ ఆ బస్సు ఎక్కలేని పిల్లలే ఈ బడిలో మిగులుతున్నారు. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఇంట్లో చూసుకునేది నాయనమ్మ. వీళ్లకు చదువు చెప్పేందుకు ఉపాధ్యాయులు ఉన్నారు. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చునే మనిషి లేడు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. జాతీయ ఉపకార వేతన పరీక్ష ఉంది, ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ఎనిమిదో తరగతిలో రాయాలి. మానసిక సామర్థ్యానికి 90 మార్కులు, పాఠ్యాంశాలకు 90 మార్కులు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ప్రైవేటు బడి వాళ్లకు, గురుకులాల్లో, నవోదయలో చదివే వాళ్లకు ఇది రాదు. మన బడి లాంటి బడుల పిల్లల కోసమే పెట్టింది.

పరీక్ష గెలిచాక కూడా పని ఉంటుంది. ఏటా పోర్టల్‌లో పునరుద్ధరణ చేయాలి. ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే డబ్బులు ఆగిపోతాయి. నాయనమ్మ ఆ పిల్లను తీసుకుని ఎన్ని ఆఫీసులు తిరుగుతుంది? బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సహాయానికీ ఇలాంటి కాగితాలే కావాలి. పది పాసైన పిల్లలకు బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువు ఉంది, సర్కారు బడిలో చదివినందుకు అక్కడ ప్రాధాన్యం కూడా ఉంది. గడువు తేదీ తెలియక ఒక్క పిల్ల ఆగిపోయినా ఆ నష్టం మనందరిదీ.

గేటు కట్టించిన వారికి, ఫ్యాన్లు, బెంచీలు ఇచ్చిన వారికి దండం పెడుతున్నాను. వాటిని తక్కువ చేయడం లేదు. డబ్బు ఇవ్వగలిగిన వాళ్లు ఇవ్వండి. ఇవ్వలేని వాళ్లు నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. మనలో బ్యాంకులో పనిచేసే వాళ్లున్నారు, మీసేవ నడిపే వాళ్లున్నారు, లెక్కల మాస్టార్లున్నారు. ఎనిమిదో తరగతికి పరీక్ష సాధన, తొమ్మిది, పది వాళ్లకు పునరుద్ధరణ, పేర్ల సవరణ. ప్రతి పదో తరగతి బ్యాచ్ నుంచి ఇద్దరు చొప్పున ముందుకొస్తే ఒక్కొక్కరి వంతు ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించి రాదు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మిత్రులు ఫోన్లో ఒక పిల్లవాడికి ఇంగ్లిషు పాఠం చదివించవచ్చు. ఇప్పటి పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉంటుంది. రెండూ చదివించే గొంతు ఒకటి వాళ్లకు కావాలి.

ఇలా రెండు మూడేళ్లు చేస్తే ఫలితం ఊళ్లకు తెలుస్తుంది. ఫలానా బడిలో చేర్పిస్తే వెనక మనుషులున్నారన్న నమ్మకం వస్తే, పసుపు బస్సు ఎక్కే పిల్లల్లో కొందరైనా మళ్లీ ఇటు నడుస్తారు. అన్ని వాడల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటేనే ఇది మనం చదివిన బడి అవుతుంది.

బయటి బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాను. పేరు, బ్యాచ్, ఫోన్ నంబరు, ఏ ఆదివారం వీలవుతుందో రాయండి. వచ్చే నెల మొదటి ఆదివారం ఎనిమిదో తరగతి గదిలో కలుద్దాం.