ఉతికి చూశాకే అడ్వాన్సు

కిందటేడు రేటు తక్కువని ఒక వ్యాపారి దగ్గర ట్రాక్ ప్యాంట్ల గుడ్డ కొన్నాం. మొదటి ఉతుకుకే రంగు దిగి, ప్యాంట్లు పొట్టివైపోయాయి. సరుకు తిరిగొచ్చింది. బ్యాంకు వాయిదా ఆగదు కదా, పొదుపులోంచి కట్టాం.

మన పెడన కలంకారీ గుడ్డ సాగదు. వ్యాయామం బట్టలకు బనియన్ గుడ్డలాగా సాగేది కావాలి. అందుకు పేరున్న ఊరు తమిళనాడులోని తిరుప్పూరు. ఈసారి అక్కడి ముగ్గురి దగ్గర మీటరు చొప్పున శాంపిల్ తెప్పించాం. చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుందో అడిగాం. కొలిచి, మూడుసార్లు ఉతికి, మళ్లీ కొలిచాం. తెల్లగుడ్డతో కలిపి నానబెట్టాం. లాగి వదిలి చూశాం. అన్నిటికంటే చవకది నిలవలేదు, మధ్య రేటుది నిలిచింది. పాడైతే వాపసు తీసుకోవాలని కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు పంపాం.

రేటు అందరం అడుగుతాం. ముందు శాంపిల్ అడుగుదాం.