తోడ్పాటు - స్వావలంబనము

సికింద్రాబాదునందలి మనోవికాసనగరమున, బుద్ధివికాసము మందగించినవారి కొఱకు కేంద్ర ప్రభుత్వమువారు 1984వ సంవత్సరమున ఒక జాతీయ సంస్థను స్థాపించిరి. ఇట్టివారికి విద్య గఱపు పద్ధతి గమనింపదగినది. చొక్కా తొడుగుకొనుట వంటి పనిని చిన్నచిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టునే నేర్పుదురు. శిష్యుడు నేర్చినకొలది గురువు తన చేయిని వెనుకకు తీసికొనును. పిల్లలచే అక్షరములు దిద్దించిన నాకు ఇందలి మర్మము తెలియును. చేయి పట్టుట యెంత ముఖ్యమో, తఱి యెఱిగి విడుచుటయు నంత ముఖ్యము.

ఈ నీతి వృద్ధులకును చెల్లును. జాలిచే మనము వారి పనులన్నియు మనమే చేసి, వారిని మంచమునకు అంటగట్టుదుము. కుళాయికడకు స్వయముగా పోగోరు అవ్వచేతి బిందెను లాగికొనుటకంటె, అచ్చటి మెట్లప్రక్క ఊతకు ఇనుపకమ్మి యొకటి నాటించుట మేలు. అంగడిలో అంధుడు చిల్లర తడిమి లెక్కించుకొనువఱకు ఓపికపట్టుటయు సాయమే.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, అట్టివారికి సంఘమధ్యమున జీవించు హక్కు కలదని చెప్పినది. హక్కును చట్టమిచ్చినను, రచ్చబండకు వాలుదారి వేయవలసినది గ్రామమే. పెద్దలారా! రేపు ఆ దారి మనకును కావలసినదే. కావున ఈ మాటను మీ పంచాయతీ సభలో ప్రస్తావింప ప్రార్థించుచున్నాను.