పడిపోయే స్విచ్చిని పీకించకండి

నేను గుమాస్తాగా చేసినవాణ్ణి, కరెంటు పనివాణ్ణి కాను. అయినా గోదావరిఖనిలో సొంత ఇల్లు కట్టుకున్న మనందరికీ పనికివచ్చే మాట ఒకటి చెబుతాను.

మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి ఉండాలి, అదీ 30 మిల్లీ ఆంపియర్లది. ఇంట్లోకి వచ్చిన కరెంటు వచ్చినంతా తిరిగి వెళ్లకపోతే అది పడిపోతుంది. గీజరో, నీళ్ల మోటారో లీకైతే మాటిమాటికీ పడుతుంది. అప్పుడు మనం లోపం వెతికించము, "అది తీసి డైరెక్టు కలిపెయ్యి బాబూ" అంటాము! ఎం.సి.బి. ఉంది కదా అని ధీమా. అది వైర్లను కాపాడుతుంది గాని, తడిచేత్తో ముట్టుకున్న మనిషిని కాదు.

మన సింగరేణి సోదరులను అడగండి. బాయిలో ఎర్త్ లీకేజీకి కరెంటు పడిపోతే, లోపం సరిచేయకుండా మళ్లీ ఇవ్వకూడదు. అక్కడ ఆ కట్టుబాటుకు తలవంచినవారే ఇంటికొచ్చి స్విచ్చి పీకిస్తే ఏమనాలి?

వైరింగు పని లైసెన్సుదారు చేత చేయించాలని 1956 నాటి నిబంధనల్లోనూ ఉంది, 2023 నాటి వాటిలోనూ ఉంది. కూలి తగ్గుతుందని ఎవరినో పిలవకండి. పనయ్యాక టెస్టు రిపోర్టు సంతకంతో తీసుకోండి. ఎండాకాలం ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోయండి.

ఆ స్విచ్చి మీద 'టి' అనే బొత్తం ఉంటుంది. పెన్షను పడిన రోజున ఒకసారి నొక్కండి. పడిపోకపోతే వెంటనే మార్పించండి.