చల్లబడని వైన్ కూలర్: పెల్టియర్ ఫలితం



రెండు వేర్వేరు లోహాలు కలిసే సంధి గుండా విద్యుత్తు ప్రవహిస్తే అక్కడ వేడి విడుదలవుతుంది, లేదా గ్రహింపబడుతుంది. ప్రవాహ దిశ మార్చితే ఫలితం తారుమారవుతుంది. 1834లో దీన్ని గమనించిన ఫ్రెంచివాడు పెల్టియర్ మొదట గడియారాలు చేసుకునే మనిషి. 1838లో లెంజ్ బిస్మత్, ఆంటిమొనీ సంధిపై నీటిబొట్టును గడ్డకట్టించి, దిశ మార్చి మళ్లీ కరిగించి చూపాడు.

చిన్న వైన్ కూలర్లలో చాలావాటికి ఇదే ఆధారం. వాటిలో కంప్రెసర్ ఉండదు, గ్యాస్ ఉండదు. అరచేతిలో ఇమిడే పలక, దానిలో బిస్మత్ టెల్యూరైడ్ అనే అర్ధవాహకపు జంటలు, సాధారణంగా 127. దానికి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఇస్తే ఒక ముఖం చల్లబడుతుంది, రెండోది వేడెక్కుతుంది.

మరి పెట్టె చల్లబడటం లేదంటే? ముందు గది ఉష్ణోగ్రత చూడండి. ఇలాంటి పెట్టె గది కంటే సుమారు 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. గది 25 డిగ్రీలుంటే వైన్‌కు కావలసిన 12 డిగ్రీలు అందుతాయి. మే నెలలో విజయవాడలో గది 40 డిగ్రీలుంటే లోపల సుమారు 20 నుంచి 25 డిగ్రీల వద్ద ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు! మెకానిక్‌ను పిలిచి డబ్బు పోగొట్టుకోకండి.

గది చల్లగా ఉన్నా పని చేయకపోతే వెనుక వైపు చూడండి. లోపలి నుంచి తోడిన వేడి, పలక వాడుకున్న విద్యుచ్ఛక్తి, రెండూ వెనుకనున్న అల్యూమినియం రెక్కల గుండానే బయటపడాలి. పలక 50 వాట్లు తీసుకొని లోపలి నుంచి 20 వాట్లు తోడితే, వెనుక 70 వాట్లు పోవాలి. అక్కడి ఫ్యాను ఆగినా, రెక్కలకు దుమ్ము పట్టినా, పెట్టెను గోడకు ఆనించినా ఆ వేడి పలక గుండా తిరిగి లోపలికే వస్తుంది. నేను చూసినవాటిలో ఎక్కువ తప్పు ఇక్కడే.

ఫ్యాను తిరుగుతున్నా రెక్కలు గోరువెచ్చగానైనా లేకపోతే పలకకు విద్యుత్తు అందడం లేదు, లేదా పలకలోని అతుకు తెగింది. పలక తీగల వద్ద మల్టీమీటరు 12 వోల్టులు చూపితే తప్పు పలకదే. కొత్తది వేసేటప్పుడు ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే పెట్టె లోపల వేడెక్కుతుంది. లెంజ్ నీటిబొట్టు గుర్తుందిగా! పవర్ సప్లయ్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా దాని కెపాసిటర్లలో ఆవేశం కొంతసేపు నిలుస్తుంది.

ఇటువంటి చిన్న పెట్టెలో ఇన్సులిన్ దాచుకునే హాస్టల్ విద్యార్థులున్నారు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. 40 డిగ్రీల గదిలో ఈ పెట్టె, ఏ లోపమూ లేకపోయినా, దాన్ని ఇవ్వలేదు. లోపల ఒక థర్మామీటరు పెట్టి మధ్యాహ్నం రెండు గంటలకు చూడండి. 8 దాటితే ఆ సీసాలను కంప్రెసర్ ఫ్రిజ్‌లోకి మార్చండి, ఫ్రీజర్‌లోకి మాత్రం కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు.