ఇచ్చిన మాటా, ఆరో గెలుపూ

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో, చర్చా వేదికపై చేసిన ప్రసంగ పాఠం)

 

చర్చకు ఇచ్చిన అంశం 'వయసు మీరిన ఛాంపియన్ తోటి ఆటగాళ్ళకు ఏమైనా బాకీ ఉంటాడా?' అని. నిర్వాహకులు మేం క్రికెట్ మాట్లాడతామనుకున్నట్టున్నారు. క్రికెట్ అయితే ఈ హాల్లో నాకంటే తెలిసినవాళ్ళే అందరూ, పైగా భోజనాల వేళకి కూడా తగవు తెగదు. అందుకని నేనూ, నా తరవాత మాట్లాడబోయే మిత్రుడూ ముందే ఫోన్లో మాట్లాడుకుని సైకిళ్ళ దగ్గరికి వెళ్ళాం. 1986 టూర్ డి ఫ్రాన్స్. మా బ్యాచి పదో తరగతి పాసై ఈ గేటు దాటిన ఏడాది అది. అప్పట్లో మనకు తెలిసిన సైకిల్ పోటీ ఒక్కటే, వార్షికోత్సవం నాటి స్లో సైకిల్ రేసు. అందులో వెనకబడ్డవాడే గెలుస్తాడు. టూర్‌లో అలా కాదు కానీ, ఒక్కోసారి గెలవగలిగినవాడు కావాలని వెనక ఉండిపోవాల్సి వస్తుంది. తగవంతా అక్కడే.

ఆ సంగతి అర్థం కావాలంటే ఎదురుగాలి గుర్తుతెచ్చుకోండి. పక్క ఊళ్ళనుంచి సైకిళ్ళ మీద బడికి వచ్చినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. గాలి ఎదురుగా కొడుతుంటే ఒకడు ముందు తొక్కుతాడు, మిగతావాళ్ళు వాడి వెనక్కాల చేరతారు. ముందున్నవాడి రొమ్ము అదిరిపోతుంటుంది, వెనకవాడు కబుర్లు చెబుతుంటాడు. టూర్‌లో జట్టు అంటే ఇదే. రోజుకొక దశ చొప్పున మూడు వారాలు, 1986లో అయితే నాలుగు వేల కిలోమీటర్ల పైమాట. అన్ని రోజుల సమయం కలిపి ఎవరికి తక్కువైతే వాళ్ళకి పసుపు జెర్సీ. ఆ ఒక్కడి కోసం జట్టులో మిగతావాళ్ళు గాలిని కోస్తారు, నీళ్ళ సీసాలు మోసుకొస్తారు, అవసరమైతే తమ చక్రం తీసి ఇస్తారు. ఇంకో నియమం కూడా ఉంది, ఎక్కడా రాసి ఉండదు. మన జట్టువాడు ముందుకు దూసుకుపోతే మనం వెంటపడకూడదు. వెంటపడితే మన వెనకే శత్రువులను కూడా లాక్కుపోయినట్టవుతుంది.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. బెర్నార్ ఇనో. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే హినాల్ట్ అనిపిస్తుంది, ఫ్రెంచివాళ్ళు సగం అక్షరాలు మింగేస్తారు. బ్రిటనీ ప్రాంతం వాడు. మూలకి తోస్తే తిరగబడి కరిచే బ్యాడ్జర్ అనే జంతువు పేరు ఆయనకు ముద్దుపేరు. 1978లో తొలిసారి టూర్‌కి వచ్చి తొలిసారే గెలిచాడు. ఆ ఏడే, రోజుకి రెండు దశలు పెట్టి నిద్ర కూడా లేకుండా చేస్తున్నారని రైడర్లంతా సైకిళ్ళు దిగి నడిచి సమ్మె చేస్తే, ఆ గుంపుకి ముందు నిలబడ్డది ఈ కొత్త కుర్రాడే. 1980లో లియేజ్ రేసు మంచులో జరిగింది. చాలామంది మధ్యలోనే మానుకున్నారు. ఆయన రెండోవాడికంటే తొమ్మిది నిమిషాలకు పైగా ముందు చేరాడు. చేతివేళ్ళకు ఆ చలి దెబ్బ శాశ్వతంగా మిగిలిపోయింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడబోతున్నాను. చిన్నవాణ్ణి చేసి మాట్లాడాననే మాట రాకూడదు.

1983లో మోకాలు దెబ్బతిని ఆయన టూర్‌కి రాలేదు. అదే జట్టులోని లొరాన్ ఫిన్యోన్ అనే కుర్రాడు గెలిచేశాడు. మరుసటి ఏడు ఇనో కొత్త జట్టుకి మారి వచ్చాడు, ఫిన్యోన్ చేతిలో పది నిమిషాలకు పైగా తేడాతో ఓడాడు. కొత్త జట్టు పేరు లా వీ క్లేర్, పెట్టుబడి పెట్టింది బెర్నార్ తపీ అనే వ్యాపారి. 1984 టూర్‌లో మూడో స్థానంలో వచ్చిన అమెరికా కుర్రాడు గ్రెగ్ లెమాండ్‌ను ఈ తపీయే భారీ మొత్తం ఇచ్చి జట్టులోకి తెచ్చాడు. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దకొడుకులయ్యారు.

1985 టూర్. పసుపు జెర్సీ ఇనో మీద ఉంది. సెయింట్ ఎతియెన్ దగ్గర పడిపోయి ముక్కు విరిగింది. రక్తంతో గీత దాటిన ఆ ఫొటో మీలో కొందరు చూసే ఉంటారు. మూడు రోజుల తరవాత పిరనీస్ పర్వతాల్లో, లుజ్ ఆర్డిడెన్ కొండ ఎక్కుతుంటే ఆయనకు ఊపిరి ఆడలేదు, వెనకబడ్డాడు. లెమాండ్ ముందు ఉన్నాడు, పక్కన ఐర్లాండ్‌వాడు స్టీఫెన్ రోష్. ఇద్దరూ కలిసి తొక్కితే లెమాండ్ ఆ రోజే టూర్‌ని తనవైపు తిప్పుకునేవాడేమో. జట్టు కారు పక్కకి వచ్చింది. రోష్‌తో కలిసి తొక్కొద్దు, ఇనో వెనకే వచ్చేస్తున్నాడు, ఆగు అన్నారు. కుర్రాడు ఆగాడు. కొండమీదికి చేరాక గడియారం చూస్తే, ఇనో వాళ్ళు చెప్పినంత దగ్గరలో లేడని తెలిసింది. లెమాండ్ ఏడ్చాడు. చివరికి పారిస్‌లో ఇద్దరికీ తేడా 1 నిమిషం 42 సెకన్లు. ఇనోకి అయిదో టూర్. వచ్చే ఏడు నీకోసం తొక్కుతాను అని ఆయన అందరికీ వినబడేట్టు మాటిచ్చాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఆ మాటను ఉదారంగా ఇచ్చిన వరంలా చెబుతారు. పెద్దాయన చిన్నవాడికి టూర్ ఇస్తానన్నాడు, తరవాత మనసు మారింది, వరం ఇచ్చేవాడి ఇష్టం కదా అని. నాకు అది వరంలా కనిపించదు. అప్పు. లెమాండ్ లుజ్ ఆర్డిడెన్ మీద అప్పిచ్చాడు, అదీ తప్పు లెక్క చూపించి తీసుకున్న అప్పు. నోటు మీద సంతకం పెట్టింది ఇనో. అప్పు తీర్చడానికి మనసు మారడంతో పని లేదు.

1986 జూలై. అయిదు సార్లు గెలిచినవాళ్ళు అప్పటికి ముగ్గురే, ఆంక్తీల్, మెర్క్స్, ఇనో. ఆరోది గెలిస్తే ఇంకెవరూ పక్కన ఉండరు. ఆయనకు 31 ఏళ్ళు, ముప్పై రెండో పుట్టినరోజుకి ఆట మానేస్తానని ప్రకటించి ఉన్నాడు. అంటే ఇదే ఆఖరి టూర్. మనలో ముప్పై ఒకటికి అప్పుడే పెళ్ళైనవాళ్ళున్నారు, కానీ ఆ ఆటలో అది ముసలితనం కిందే లెక్క.

పన్నెండో దశ, బయోన్ నుంచి పో పట్టణానికి. ఇనో ఒక్కసారిగా ముందుకు దూసుకుపోయాడు, స్పెయిన్ కుర్రాడు పెడ్రో డెల్గాడో తోడయ్యాడు. వెనక గుంపులో లెమాండ్ చేతులు కట్టేసినట్టు ఉండిపోయాడు. సొంత జట్టువాడి వెంట ఎలా పడతాడు? సాయంత్రానికి పసుపు జెర్సీ ఇనో మీద, లెమాండ్ మొత్తమ్మీద 5 నిమిషాల 25 సెకన్లు వెనక. మాట తప్పింది ఆ రోజే అని లోకం అంటుంది. నేను కొంచెం వెనక్కి తగ్గుతాను. రేసులో అవకాశం కనిపించింది, ఒళ్ళు ఆగలేదు, వెళ్ళిపోయాడు. గుర్రాన్ని పరిగెత్తొద్దంటే ఎంతవరకు వింటుంది?

నన్ను ఇప్పటికీ తికమక పెట్టేది మర్నాడు జరిగింది. అయిదు నిమిషాల ఆధిక్యం చేతిలో ఉంది. టూర్ గెలవాలన్నది ఒక్కటే కోరికైతే లెమాండ్ పక్కన నింపాదిగా తొక్కితే చాలు. ఆయన మళ్ళీ దాడి చేశాడు. టూర్మాలే కొండ దిగుతూ ఒంటరిగా వెళ్ళిపోయాడు. ఇంకా మూడు కొండలు మిగిలే ఉన్నాయి. ఎండలో కరిగిపోయాడు, అందరూ పట్టుకున్నారు, ఆఖరి కొండ సూపర్‌బాన్యేర్ దగ్గర వదిలేసి వెళ్ళారు. అక్కడ లెమాండ్ కోసం గాలిని కోసింది ఆండీ హాంప్‌స్టెన్, అదే జట్టు, 24 ఏళ్ళవాడు, తొలి టూర్. లెమాండ్ ఆ దశ గెలిచాడు. అయిదున్నర నిమిషాలు 40 సెకన్లకు దిగింది.

మా మిత్రుడు ఈ పాయింటునే పట్టుకోబోతున్నాడు, ఫోన్లోనే చెప్పేశాడు. ఇనో నిజంగా దొంగదెబ్బ తీయాలనుకుంటే రెండో రోజు అలా చేసేవాడా, ఆయన ప్రత్యర్థులను అలసిపోయేట్టు చేసి లెమాండ్‌కి దారి వేశాడు, లెమాండ్‌ను రాటుదేల్చాడు, తేరగా వచ్చిన గెలుపుకి విలువేముంది అని. ఇనో స్వయంగా చెప్పుకున్నది కూడా దాదాపు ఇదే. దీంట్లో కొంత నిజం లేకపోలేదు. ఆయన దాడుల దెబ్బకి మిగతా జట్లు చితికిపోయాయి. మొదటి నాలుగు స్థానాల్లో మూడు లా వీ క్లేర్‌కే వచ్చాయి, ఇనోకి కొండల వీరుడి చుక్కల జెర్సీ కూడా.

కానీ ఆ వాదన విన్నప్పుడల్లా నాకు జట్టులోని మిగతావాళ్ళు గుర్తొస్తారు. కోచ్ పాల్ కోక్లీ స్పష్టంగా ఎవరి పక్షమూ చెప్పలేదు. భోజనాల బల్ల దగ్గర జట్టు రెండుగా చీలింది. ఫ్రెంచివాళ్ళు ఇనో వైపు, హాంప్‌స్టెన్, కెనడావాడు స్టీవ్ బవర్ లెమాండ్ వైపు. పొద్దున్నే లేచి ఎవరికి నీళ్ళ సీసా మోయాలో తెలియని స్థితి. నాయకుడు ఓడినా జట్టు తట్టుకుంటుంది. నాయకుడెవరో తెలియకపోతే ప్రతివాడూ తప్పు చేసినట్టే అవుతాడు. ఇనో మీద నా ఫిర్యాదు ఇదే. లెమాండ్‌తో ఆయన తగవు ఆయనది. ఆ ఎనిమిది మందిని ఎందుకు ఇరికించాడు?

తరవాతి కథ మీకు తొందరగా చెప్పేస్తాను. ఆల్ప్స్ పర్వతాల్లో గ్రానోన్ కొండ మీద ఇనో కాలు నొప్పితో వెనకబడ్డాడు, జెర్సీ లెమాండ్‌కి వచ్చింది. అమెరికావాడు పసుపు జెర్సీ వేసుకోవడం అదే మొదలు. మర్నాడు ఇద్దరూ కలిసి మిగతా అందరినీ వదిలేసి ఆల్ప్ డ్యుయెజ్ కొండ ఎక్కారు. జనం దారి ఇవ్వని ఆ మలుపుల్లో ఇనో ముందు, లెమాండ్ వెనక. పైన గీత దగ్గర చేతులు కలుపుకున్నారు, నవ్వుకున్నారు, ఇనో చక్రం ముందు దాటింది. ఎంత చక్కటి ఫొటో! కాసేపటికే టీవీలో పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే, టూర్ ఇంకా అయిపోలేదు అన్నాడు పెద్దాయన. పక్కనున్న కుర్రాడి ముఖం చూడాలి. మూడు రోజుల తరవాత గడియారంతో పోటీ. లెమాండ్ మలుపులో పడ్డాడు, ఇనో 25 సెకన్ల తేడాతో గెలిచాడు. అది సరిపోలేదు. అప్పుడు గానీ పోరు ఆపలేదు. పారిస్‌లో తేడా 3 నిమిషాల 10 సెకన్లు, ఇనో రెండు.

ఇప్పుడొక మాట. ఇది మొదట అనుకున్న ప్రసంగంలో లేదు. రాస్తుండగా వచ్చింది, కొట్టేద్దామనుకుని కొట్టేయలేదు. మూడేళ్ళ కిందట, ఈ సంఘం కార్యదర్శి పదవి వదిలేస్తున్నాను, ఇక నువ్వే చూసుకో అని మన జూనియర్ ఒకతనికి నేను మాటిచ్చాను. అంతకుముందు రెండు ఎన్నికల్లో అతను నాకోసం తప్పుకున్నాడు, ఇంటింటికీ తిరిగాడు. తీరా ఎన్నికలొచ్చేసరికి స్వర్ణోత్సవం దగ్గర పడుతోంది, అనుభవం ఉన్నవాళ్ళు ఉండాలి అని నలుగురు అన్నారు. ఆ నలుగురూ అనకపోయినా నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. మళ్ళీ నామినేషన్ వేశాను. పోటీ చేసి గెలిస్తేనే కదా అతనికీ గౌరవం అని పైకి అన్నాను కూడా. ఇనో ఓడాడు, నేను గెలిచాను, తేడా అంతే. ఆ వారమంతా మన సభ్యులు ఎవరికి ఫోన్ చేస్తే ఎవరికి కోపమొస్తుందో తెలియక ఇద్దరికీ ఎత్తడం మానేశారు. సావనీరుకి ప్రకటనల కోసం ఎండలో తిరుగుతున్నది ఇప్పటికీ అతనే. కుడివైపు మూడో వరసలో ఉన్నాడు, చేతిలో రసీదు పుస్తకంతో. పేరు చెబితే అతనికి ఇష్టం ఉండదు.

ఎదుటి పక్షానికి ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, అది నాకు లేని గుణం. ఇనో చేసిందంతా బాహాటంగా చేశాడు. కొండ మీద, లక్షమంది ముందు, కాళ్ళతో. ఓడాక రెండో మెట్టు మీద నిలబడ్డాడు. ఆ నవంబరులో చెప్పిన వయసుకే, చెప్పినట్టే ఆట మానేసి బ్రిటనీలో పొలం చూసుకున్నాడు. ఆ మాట మాత్రం తప్పలేదు. లెమాండ్ మరుసటి ఏడు వేటలో తుపాకీ గుండ్లు తగిలి చావు దాకా వెళ్ళొచ్చాడు, 1989లో తిరిగొచ్చి 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు, 1990లో ఇంకొకటి. 1985 తరవాత పురుషుల టూర్‌ను ఫ్రెంచివాడెవడూ గెలవలేదు. అందుకని అక్కడ ఇనో పేరు ఎత్తితే ఈ తగవు ఎవరికీ పట్టదు, టోపీ తీసేస్తారు. నేనూ తీస్తాను. తీసి, ఆ 1 నిమిషం 42 సెకన్ల సంగతి అడుగుతాను.

గంట కొట్టేశారు. మన పాత బడి గంటే, చప్పుడు మారలేదు. మిత్రుడు ఇనో పక్షాన లేస్తున్నాడు. పన్నెండో దశ గురించి అతను ఏమన్నా అనుకోనివ్వండి. పదమూడో దశ గురించి ఏం చెబుతాడో మాత్రం నేను కూర్చుని వింటాను. వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నామినేషన్ కాగితాలు ఆఫీసు గదిలో ఉన్నాయి. ఈసారి నేను తీసుకోలేదు.