గదికొక దినము



సంక్రాంతి దగ్గరపడగానే మన పల్లెలలో ఇండ్లకు సున్నము వేయించుట, సామానులు దులుపుట పరిపాటి. ఆ పని ఎట్లు జరుగునో మీరెరుగనిది కాదు. ఒక గదిలోని సామానును వేరొక గదిలోనికి మోయుదురు. గోడలకు సున్నము కొట్టుదురు. పిమ్మట ఆ సామానునే మరల యథాస్థానమునకు చేర్చుదురు. గోడలు తెల్లబడును గాని ఇంటిలో చోటు పెరుగదు. నేడు నేను మనవిచేయదలచినది గోడలను గూర్చి కాదు, వాని నడుమ నిండియున్న వస్తువులను గూర్చి. ఇది ఆడువారు చూచుకొనదగిన చిన్నపనియని కొందరు తలపవచ్చును. కాని ఇందు ఆరోగ్యము కలదు, దానధర్మము కలదు, మన భాషకు సంబంధించిన ఆస్తియు కొంత కలదు.

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని సామెత. అది సగము సత్యమే. నిజముగ లెక్కించి చూచినయెడల, వంటింటిలోని పనికిరాని గిన్నెలకంటె సావడిలో మగవారు దాచిన వస్తువులే ఎక్కువగ కనబడును. తెగిన సైకిలు గొలుసులు, కాలిపోయిన మోటారు తీగెలు, పలుకని రేడియోలు, బొమ్మపడని టెలివిజనులు, ముప్పదియేండ్లనాటి పంచాంగములు: వీనినన్నిటిని నిలిపి ఉంచునది “ఎప్పుడైన పనికివచ్చును” అను ఒక్క మాట. ఆ “ఎప్పుడైన” అనుదానికి తిథి లేదు, వారము లేదు, నక్షత్రము లేదు. ఏ పంచాంగమునందును కానరాని ఆ దినము కొరకు సగము ఇంటిని విడిచి, మిగిలిన సగములో మనము ఒదిగి కాలము గడపుచున్నాము.

ఇట్లనుటచే మన పూర్వులు తెలివిమాలినవారని నా అభిప్రాయము కాదు. వారును దాచిరి. కాని వారి ఇంటికి వచ్చిన ప్రతి వస్తువునకు బయటికి పోవు దారియు ఉండెడిది. కట్టిన చీర పాతబడి బొంతయయ్యెను. బొంత చినిగి మసిగుడ్డయయ్యెను. విరిగిన బుట్ట పొయ్యిలోనికి పోయెను. పొయ్యిలోని బూడిద అంట్లు తోముటకును, పొలమునకును పోయెను. పగిలిన కుండ మట్టిలో కలిసెను. సొట్టపడిన ఇత్తడి బిందె కరగి మరియొక బిందెయై తిరిగివచ్చెను. నేడు వచ్చు వస్తువులట్టివి కావు. ప్లాస్టిక్కు డబ్బా మట్టిలో కలియదు, పొయ్యిలో వేయరాదు. ఉడిగిపోయిన బ్యాటరీ బొంతలోనికి పనికిరాదు. దాచు అలవాటు మనయందు నిలిచినది. వస్తువు వెలికి పోవు దారి మాత్రము మూసికొనిపోయినది. ఇండ్లు నిండుటకు ఇదియే ముఖ్యకారణము. కావున మనము చేయవలసినది వస్తువులను ద్వేషించుట కాదు. ఆ దారిని మరల తెరచుట.

ఈ పని ఎట్లు ప్రారంభింపవలెను? బడిలో పిల్లవానియెదుట పెద్ద సీసపద్యము నుంచి అర్థము చెప్పుమన్నచో వాడు బెదరును. పాదము పాదముగ విడదీసి, ఏ పదము ఏ క్రియతో పోవునో అన్వయము చూపినచో అదే పద్యము వానికి సులభమగును. ఇల్లును అట్టిదే. ఇల్లంతయు ఒక్కనాడే సర్దబూనినవాడు సాయంకాలమునకు అలసి, వెలికి తీసినదంతయు మరల లోనికి త్రోయును. గదికొక దినము చాలును. అందులోను ఉదయమునుండి మధ్యాహ్న భోజనము వరకే. బరువులెత్తు పని పడుచువారిది. కూర్చుండి నిర్ణయించు పని మనది.

గదిలోని వస్తువులను నాలుగు కుప్పలుగ వేయవలెను. ఇంటిలో ఉండవలసినవి ఒకటి, ఒరులకు ఈయదగినవి రెండు, బాగుచేయింపవలసినవి మూడు, పారవేయవలసినవి నాలుగు. మూడవ కుప్పకు గడువు వచ్చు సంతదినము. అప్పటికి బాగుచేయింపని వస్తువు నాలుగవ కుప్పలో చేరవలెను. ఒక గదిలో చోటులేని వస్తువును ప్రక్కగదిలోనికి నెట్టరాదు. అది అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుట వంటిది.

మొదటి దినము సావడిది. అటకతో మొదలుపెట్టువారు సాధారణముగ ఓడిపోవుదురు. అచ్చట జ్ఞాపకములు ఎక్కువ. సావడిలోని వస్తువులపై మమకారము తక్కువ గనుక, ఏది ఉంచవలెను, ఏది విడువవలెనను నిర్ణయము మనసునకు ఇచ్చట అలవడును. సావడితోపాటు పెరడును చూడవలెను. పగిలిన తొట్లు, కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, బోర్లింపక విడిచిన డబ్బాలు వాననీటిని పట్టి ఉంచును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి నిలువనీటి అంచుననే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పొదిగి దోమయై ఎగురుటకు వారము పది దినములు చాలును. నీరు ఎండినను ఆ గ్రుడ్లు కొన్ని నెలలవరకు చావక, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. కావున నీరు పారబోసిన మాత్రమున చాలదు. అక్కరలేని పాత్రనే తొలగింపవలెను, అక్కరగలదానిని తోమి బోర్లింపవలెను.

రెండవ దినము వంటింటిది. ఈ దినమున పెత్తనము గృహిణిది. మనము అడిగినప్పుడు చేయి అందించుటయే మేలు. మూతలేని డబ్బాలు, డబ్బాలులేని మూతలు, పిడి ఊడిన గరిటెలు, పురుగుపట్టిన పప్పులు ముందుగ పోవును. కళాయి పోయిన ఇత్తడి పాత్ర చూచుటకు ఎంత గొప్పదైనను అందు పులుపు వండరాదు. కళాయి పోయించవలెను, లేదా నీళ్లకో, పూజకో విడువవలెను. గడువుతీరిన మందుబిళ్లలు పోపులపెట్టె ప్రక్కన ఉండరాదు.

మూడవ దినము ధాన్యపు కొట్టుది. గింజలు చిందినచోట ఎలుక చేరును. ఎలుక ఉన్నచోటికి పాము వచ్చును. పాత సంచుల కుప్పలు ఆ రెంటికిని ఇల్లగును. కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలపై నిద్రించువారిని కరచినప్పుడు నొప్పి అంతగా తెలియకపోవుటయు కలదు. తెల్లవారునప్పటికి రెప్పలు వాలి, ఊపిరి కష్టమగును. అట్టివేళ మంత్రములతో కాలము గడపక, విషమునకు విరుగుడు మందుగల ఆసుపత్రికి వెంటనే చేర్చుటయే రక్షణ. అంతవరకు రాకుండుటకు బస్తాలను చెక్కలపై నిలిపి, గోడకు మూరెడు ఎడముగ పేర్చవలెను. ఈ కొట్టులోనే పురుగుమందుల సీసాలుండును. వానిని ధాన్యముతో కలిపి ఉంచరాదు. పిల్లలకందని చోట తాళము వేసి ఉంచవలెను. ఖాళీయైన డబ్బాకు చిల్లులు పొడిచి, మరి దేనికిని పనికిరాకుండ చేయవలెను. అందు నూనెగాని నీరుగాని పోయుట ప్రాణాపాయము.

నాలుగవ దినము పడకగదిది. ట్రంకుపెట్టెలు తెరచి, రెండేండ్లుగ కట్టని బట్టలను వేరుచేయవలెను. ఇచ్చట ఒక ధర్మసూక్ష్మము కలదు. కఠోపనిషత్తునందు నచికేతుడు తన తండ్రి దానమిచ్చుచున్న గోవులను చూచి వ్యాకులపడెను. అవి మేతయు నీరును ముగించి, పాలుడిగి, ఈనుటకు శక్తిలేనివి. ఇచ్చువానికి భారమైన వస్తువును పుచ్చుకొనువానిపై మోపుట దానము కాదని ఆ బాలుడు గ్రహించెను. కావున చినిగిన చొక్కాను పేదవానికిచ్చి పుణ్యమనుకొనరాదు. ఉతికి, బొత్తాము కుట్టి, మడచి, రేపు మన ఇంటి పిల్లవాడే తొడుగుకొనదగినట్లు చేసి ఈయవలెను. చినిగినది మసిగుడ్డయగుటయే దానికి గౌరవము.

ఐదవ దినము కాగితములది. దీనికి గది అక్కరలేదు, ఒక చాప చాలును. విక్రయ దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకము, వీలునామా, బ్యాంకు పుస్తకములు, బీమా పత్రములు, జనన మరణ ధ్రువపత్రములు ఒక పెట్టెలో చేరవలెను. మూతలోపల వాని జాబితా అతికింపవలెను. ఆ పెట్టె ఎచ్చట కలదో భార్యకును, కొడుకులతోపాటు కూతుండ్రకును తెలియవలెను. యజమాని పోయిన పదునొకండవనాడు దస్తావేజుకొరకు అటకలు వెదకి, దొరకక, ఒకరినొకరు అనుమానించి, మాటలు మానుకొన్న అన్నదమ్ములు ప్రతి గ్రామమునను కలరు. ఆ కలహమునకు మూలము ఆస్తి కాదు, తండ్రి సర్దక విడిచిన కాగితములు.

ఇక అటక. దీనికి ఆరవ దినమును మాత్రమే గాక, మిక్కిలి ఓర్పును కేటాయింపవలెను. మిగిలిన గదులలో నేను “విడువుడు” అంటిని. ఇచ్చట “ఆగుడు” అనుచున్నాను. మసిబట్టిన బుట్టలో, చెదలు తాకిన గుడ్డలో, తాటాకుల కట్ట యొకటి కనబడినచో దానిని నాలుగవ కుప్పలో వేయరాదు. పితామహుడు చదివినది తండ్రి పూజించెను. తండ్రి పూజించినది కొడుకు అటక ఎక్కించెను. మనుమనికది ఏమో తెలియదు. ఇట్లు చెదలకు, ఎలుకలకు, అగ్నికి ఆహారమైన గ్రంథములెన్నియో లెక్కచెప్పగలవారు లేరు.

దక్కినవి ఎట్లు దక్కెనో తలచుకొనుడు. 1821లో మరణించిన కర్నలు కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయమున గ్రామముల చరిత్రలను సేకరించెను. ఆ కైఫీయతులకు ఆధారములు కరణముల ఇండ్లలోని కవిలె కట్టలే. 1884లో మరణించిన సి. పి. బ్రౌను దొర తెలుగు వ్రాతప్రతులను వెదకి తెప్పించి, పండితులచే సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వీరి సంగ్రహములలో చాలభాగము నేడు చెన్నపట్టణమందలి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున కలదు. నన్నెచోడుని కుమారసంభవము బహుకాలము పండితలోకమునకు తెలియక తాళపత్రములందే ఉండెను. మానవల్లి రామకృష్ణకవిగారు దానిని 1909లో అచ్చువేయించిన పిమ్మటనే తెలుగువారు దానిని చదువగలిగిరి. ఆ యొక్క కట్టను ఎవరైన శుభ్రతపేరిట పొయ్యిలో వేసియున్నచో, మన సాహిత్యచరిత్రలో ఒక అధ్యాయమే ఉండకపోయెడిది.

కావున తాటాకుల కట్ట దొరకినప్పుడు చేయవలసినవి కొన్ని, చేయరానివి కొన్ని కలవు. నీటితో కడుగరాదు. అంటుకొనిన ఆకులను బలవంతముగ విడదీయరాదు. ఆకుల వరుస మార్చరాదు. త్రాడు తెగినను వరుసగనే ఉంచి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టవలెను. మెత్తని పొడిగుడ్డతో పైదుమ్ము మాత్రము తుడువవలెను. అది ఏ ఇంటిదో, ఏ వంశమువారిదో ఒక చీటిపై వ్రాసి జతపరుపవలెను. పిమ్మట తెలిసినవారికి చూపవలెను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ కలదు. భారత ప్రభుత్వము 2003లో వ్రాతప్రతుల సంరక్షణకై ఒక జాతీయ కార్యక్రమమునే ప్రారంభించెను. దగ్గరి కళాశాలలోని తెలుగు లేక సంస్కృత పండితునడిగినను దారి చూపగలడు. ఇంటి గ్రంథమును విడువ మనసొప్పనిచో ఛాయాచిత్రములు తీయించి, మూలమును ఇంటనే ఉంచుకొనవచ్చును. తీసినది గంటమువ్రాత కాక పాత అచ్చుపుస్తకమైనను గ్రంథాలయమువారినడుగక తూకమునకు వేయరాదు. 1898లో రాజమహేంద్రవరమున వెలసిన గౌతమీ గ్రంథాలయము, 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పెద్దలు ఇచ్చిన పుస్తకములతోనే పెరిగినవి.

నాలుగవ కుప్పను గూర్చి ఒక మాట. భోగిమంటలో పాతవానిని వేయుట ఆచారము. పూర్వము వేసినవి కఱ్ఱ, పిడక, తాటాకు బుట్ట. నేడు కొందరు టైర్లు, ప్లాస్టిక్కు సామానులు వేయుచున్నారు. ఆ పొగ విషము. మంటచుట్టు నిలుచున్న పసిపిల్లలే దానిని ముందుగ పీల్చుదురు. గొట్టపుదీపములలో పాదరసముండును, వానిని పగులగొట్టనురాదు, కాల్చనురాదు. ఇట్టివానిని, బ్యాటరీలను వేరుగ కట్టి, పంచాయతివారికో తీసికొను వర్తకునికో అప్పగింపవలెను. ఆచారము పాతదానిని విడువుమన్నది గాని గాలిని చెరుపుమనలేదు.

పతంజలి మహర్షి యమములలో అపరిగ్రహమును, నియమములలో శౌచమును చెప్పెను. అక్కరకు మించి కూడబెట్టకుండుట ఒకటి, శుభ్రత ఒకటి. ఇల్లు సర్దువేళ ఈ రెండును ఒక్కటే యగును. మన వయసువారికి ఇందు మరియొక ప్రయోజనము కలదు. తాతగారి గంధపుచెక్క ఎవరికి, అమ్మమ్మగారి కంచుగిన్నె ఎవరికి అను నిర్ణయము మన నోట జరిగినచో అది దీవెన. మన వెనుక జరిగినచో అది పంపకము. బ్రతికియుండగా చేతితో ఇచ్చి, ఆ వస్తువు కథ కూడ చెప్పి ఈయవలెను. కథలేని గిన్నె తూకమునకు పోవును. కథగల గిన్నె ఇంటిలో నిలుచును.

మొత్తము ఆరు దినములు. రేపటి ఉదయము సావడిలో ఒక మూల చాలును. అచ్చట మొదట చేతికి తగిలిన వస్తువునెత్తి, “దీనిని వాడువారెవరు? ఎన్నడు?” అని అడుగుడు. పేరును దినమును చెప్పగలిగినచో ఉంచుడు. చెప్పలేనిచో దానికి దారి చూపుడు.