అరిగిన పంపు షాఫ్టు



తుళ్లూరు వైపు నల్లరేగడిలో పత్తి, మిరప పండించినవారికి ఆయిలింజను, పంపు కొత్తవి కావు. మిరప పూత మీదున్నప్పుడు నేల బెట్టకొస్తే పూత రాలిపోతుంది. సరిగ్గా అప్పుడే పాత పంపు మొరాయిస్తుంది. దాని సామాను అంగట్లో దొరకదు. అంతమాత్రాన పంపును పాత ఇనుముకు వేయకండి.

గ్లాండు బిగించినా నీరు ధారగా కారుతున్నదా? ఇంకా బిగించవద్దు. తాడు తీసి, షాఫ్టును గోటితో తడిమి చూడండి. గాడి తగిలితే కొత్త తాడు నాలుగు రోజులే. ఆ సందున గాలి చొరబడి పంపు నీరెత్తదు.

షాఫ్టును, బేరింగులను, ఇంపెల్లరును కలిపి లేతు పనివాని వద్దకు తీసుకుపోండి. షాఫ్టు వంగిందేమో ముందు తిప్పి చూడమనండి. బేరింగు వదులైతే మార్చవలెను. లేకుంటే చేసిన పని వృథా. అరిగిన చోటు తరిగించి, గన్‌మెటల్ తొడుగు బిగువుగా ఎక్కించి, పాత కొలతకు నున్నగా తిప్పించండి. వెల్డింగు పోసి కూడా తిప్పించవచ్చును గాని, వేడికి షాఫ్టు వంగవచ్చు, మళ్లీ చూపించుకోవాలి.

గ్లాండు తాడు పొడుగునా చుట్టకండి. చుట్టుకొక ముక్కగా కోసి, ఒకదాని అతుకు పైకి వస్తే తరువాతిది కిందికి వచ్చేటట్లు వేయండి. పంపు నడుస్తుంటే గ్లాండు వద్ద చుక్కచుక్కగా నీరు పడాలి. తాడుకు ఆ చుక్కలే చలవ. వాటిని పూర్తిగా ఆపితే తాడు మాడి, షాఫ్టు మళ్లీ కోసుకుపోతుంది.

ఈ పరీక్ష పూత దాకా ఆపక, మిరప నారు నాటకముందే చేసుకోండి.